అద్దకం వారి లోగుమ్మం

పెడనలో అద్దకం కార్ఖానా నడిపే వీరభద్రయ్యకు వయసు మీద పడింది. చూపు మందగించింది. ఇక పెద్దరికం ఎవరో ఒకరికి అప్పగించాలి. పెద్దకొడుకు కోటయ్య రంగులు కాస్తాడు. చిన్నవాడు సాంబయ్య ఊళ్లు తిరిగి సరుకు అమ్ముకొస్తాడు. ఇద్దరూ పనిమంతులే. చిక్కంతా అక్కడే ఉంది. ఒకడికిస్తే రెండోవాడు వేరుపడతానంటున్నాడు. అన్నదమ్ములు ఒక పంక్తిలో కూచుని తినడం కూడా మానేశారు.

ఎటూ తోచక వీరభద్రయ్య తన గురువు బోధయ్య స్వామి దగ్గరికి వెళ్లాడు.

"ఇద్దరిలో ఎవర్ని కూచోబెట్టమంటారు స్వామీ? మీ మాటైతే కాదనరు."

స్వామి తన పంచె చెంగు చూపిస్తూ, "నా కావి పంచె చిరిగిపోయిందయ్యా. మీ ఇంట్లో ఒకటి అద్దించుకోవాలి. రేపు పొద్దున వస్తాను" అన్నారు.

తను అడిగిందేమిటి, ఈయన చెప్పిందేమిటి? వీరభద్రయ్య దారంతా అదే తలపోసుకుంటూ ఇల్లు చేరాడు.

అన్నట్టే పొద్దున స్వామి వచ్చి సావిట్లో చాప మీద కూచున్నారు.

"రంగు కాస్త ముదురుగా ఉండాలి. ఎప్పటికిస్తావు కోటయ్యా?"

"ఎంతలో పని స్వామీ..." అంటూనే కోటయ్య ఆగి, లోగుమ్మం కేసి చూశాడు.

సాంబయ్యను అడిగారు. అతనూ అటే చూశాడు.

"పోనీ నువ్వు చెప్పు వీరభద్రయ్యా."

నోరు తెరవబోయిన వీరభద్రయ్య మెడ కూడా తనకు తెలియకుండానే అటు మళ్లింది.

స్వామి లేచారు. చాప తీసి, లోగుమ్మానికి ఎదురుగా వేసుకుని కూచున్నారు. మగవాళ్లు ముగ్గురూ ఆయన వీపు వెనక ఉండిపోయారు.

"అమ్మా, కావి పంచె ఎప్పటికిస్తారు?"

కోటయ్య భార్య నాంచారమ్మ మెల్లగా గుమ్మంలోకి వచ్చింది.

"మీరు ఉతుక్కునేది కాలవ నీళ్లలోనా స్వామీ, నూతి నీళ్లలోనా?"

"నూతిలోనే తల్లీ. మా నుయ్యి ఉప్పు."

"అయితే తొందరపడకండి. కాలవకు నీళ్లొదలనివ్వండి. పారే నీళ్లలో జాడిస్తేగాని మీ ఉప్పు నీళ్లకు రంగు నిలవదు. ఈలోగా మా మరిది బట్టకి రంగు పట్టేందుకు మంచి కరక్కాయ చూసి తెస్తాడు. రంగు ఆయన కాస్తారు."

అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే తలూపారు. ఊపాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

స్వామి సంతోషంగా లేచి బయల్దేరారు. వీరభద్రయ్య వాకిలి దాకా వెంట నడిచాడు.

"నేనడిగినదానికి జవాబు చెప్పలేదు స్వామీ."

"పెద్దరికం ఇంకా నీ చేతిలోనే ఉందనుకుంటున్నావా?" అని స్వామి వెళ్లిపోయారు.

వీరభద్రయ్య చాలాసేపు వాకిట్లోనే నిలబడ్డాడు. తర్వాత లోపలికొచ్చి, రోజూ పనులు పురమాయించే తన బల్ల మీద కూచున్నాడు. కోడలు మామగారి ఎదుట కూచోవడం ఆ ఇంట్లో ఎన్నడూ ఎరగరు.

ఆయన కాస్త పక్కకు జరిగాడు.

"ఇలా వచ్చి కూచో తల్లీ. రేపటి పనేమిటో చెప్పు."