బోణీ అయ్యాక

ఓబులేశు నలభై మందికి ఇడ్లీలు చేయించాడు. వచ్చింది ఆరుగురు. వాళ్ళలో ఒకాయన హాలు తాళం తీయడానికి వచ్చినాయన.

మా గిన్నెల బజారులో ఇట్లాంటివి దాగవు. మధ్యాహ్నానికల్లా అందరి నోళ్ళలోనూ ఆ ఇడ్లీలే నానాయి. మిగిలినవి ఏం చేశాడు, ఆవులకు పెట్టాడా, ఇంటికి మోసుకుపోయాడా అని ఒకటే ఆరా. పిలిస్తే మనమెందుకు పోలేదు అని మాత్రం ఎవరూ అనుకోలేదు.

ఓబులేశు మా బజారుకు కొత్త. ఏడాది కిందటే కుక్కర్లు, గ్యాస్ పొయ్యిల అంగడి తెరిచాడు. అంతకుముందు ప్రొద్దుటూరులో బావగారి ఎరువుల దుకాణంలో గుమాస్తా. ఆ బావ, నలుగురూ ఉన్నప్పుడే "ఒరే ఓబుల్యా, చెంబుతో నీళ్ళు తేరా" అని కేకేసే రకం. అక్కణ్ణించి బయటపడి సొంత బోర్డు కింద కూర్చున్న రోజు ఓబులేశు మొహం చూడాలి, పెళ్ళికొడుకే.

అంగడి మాత్రం నడవలేదు. పొద్దెక్కినా బోణీ కాని రోజులే ఎక్కువ. దీపావళి దాకా చూసి, అప్పటికీ ఇంతే అయితే షట్టరు దించేసి మళ్ళా బావ దగ్గరికే పోవాలని ఇంట్లో తేలిపోయింది. ఆ చెంబు గుర్తొస్తే చాలు, ఓబులేశుకు అన్నం సయించేది కాదు.

ఒక్కటే దారి మిగిలింది. దసరా నుంచి దీపావళి దాకా హైస్కూలు మైదానంలో మా వర్తక సంఘం పండగ సంత పెడుతుంది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ దిగుతాయి. అక్కడ ఒక స్టాలు దొరికిందా, ఆ బేరంతో వేసవి దాకా నెట్టుకు రావచ్చు. అయితే కొత్త అంగడివాళ్ళకు స్టాలు ఊరికే ఇవ్వరు. సంఘం మీటింగులో పేరు పిలుస్తారు. బజారులో ఇద్దరు లేచి "ఈయన మావాడే" అనాలి. అంతకు మించి ఏమీ అడగరు. ఆ మీటింగు శుక్రవారం.

ఆ ఇద్దరి కోసమే ఓబులేశు తిప్పలన్నీ. విజిటింగ్ కార్డులు కొట్టించాడు. ఏ సన్మానం జరిగినా ముందు వరసలో కూర్చున్నాడు. వాట్సాప్‌లో బజారందరికీ ఒక గ్రూపు పెట్టాడు. కోడి కూయకముందే అందులో గుడ్ మార్నింగ్, దాని కింద రాబోయే కార్యక్రమాలు. ఆదివారం పరిచయ ఫలహారం, నెలాఖరుకు వ్యాపారుల ముచ్చట, ఆపైన కుటుంబాలతో వనభోజనం. ప్రతిదానికీ బొటనవేళ్ళు బాగానే లేచాయి. ఇడ్లీల దగ్గరికి మాత్రం మనుషులు రాలేదు.

ఆ సాయంత్రం ఓబులేశు దస్తగిరి తాత దగ్గరికి పోయాడు.

బజారు చివర చిన్న దర్గా ఉంది. తాత ఉండేది అక్కడే. పొద్దున పూట సాంబ్రాణి ధూపం పట్టుకుని, నెమలీకల కట్టతో పొగ విసురుతూ అంగడంగడికీ తిరుగుతాడు. ఓబులేశు వాళ్ళు వేరే ఊళ్ళో ఉన్నా, నాయన కాలం నుంచి ఆ ఇంటికి తాతే గురువు. అంగడి పెట్టినప్పటి నుంచి గురువారం గురువారం ఓబులేశు పోయి దర్గా ఊడ్చి, బొగ్గులు నింపిపెట్టి, తాత చెప్పేది విని వచ్చేవాడు. తాత చెప్పేది బహు తక్కువ.

"తాతా, అందరూ వస్తామనిరి. ఒక్కడూ రాలేదు. బజారంతా అబద్ధాలకోరులేనా?"

"పిలవను ఎప్పుడు పోయినావు?"

"పొద్దున్నే, అంగళ్ళు తెరవంగానే. అప్పుడైతే బేరాలుండవు, తీరిగ్గా ఉంటారని."

తాత నవ్వాడు. నోట్లో ఒక్క పన్ను లేదు. నవ్వితే చంటిబిడ్డ నవ్వినట్టే ఉంటుంది.

"బోణీ కాకముందే చెయ్యి చాపినావన్న మాట."

"అయ్యో, చెయ్యి యాడ చాపినా తాతా? కార్డు ఇచ్చినా. ఫలహారానికి రమ్మన్నా."

"రమ్మని అడిగినావు కదప్పా. అదేమి, ఇవ్వడమా?"

మా బజారులో బోణీ కాకముందు అప్పు అడగరు, చందా అడగరు, నోటుకు చిల్లర కూడా అడగరు. అడిగితే ఎదుటివాడు మొహమాటానికి తలూపుతాడు, అంతే. మనసులో మాత్రం వీడెక్కడ దాపురించాడ్రా పొద్దున్నే అనుకుంటాడు. ఎరువుల దుకాణంలో పెరిగినవాడికి ఇది ఎట్లా తెలుస్తుంది? వానలు పడితే అక్కడ తలుపు తీయకముందే రైతులు బారులు తీరి ఉంటారాయె.

"జరిగిందేదో జరిగింది. ఇప్పుడేం చేయాల తాతా? మీటింగు ఇంకా శుక్రవారం కదా. నడుమ ఇంకోటి పెట్టనా? ఈసారి దోసెలు?"

"దోసెలొద్దు నాయనా. రేపు మీ అంగడికి నేనే వస్తా. కూర్చోను ఒక స్టూలు వేసిపెట్టు."

ఓబులేశు పొంగిపోయాడు. తాత ఎవరి అంగట్లోనూ కూర్చోడు. నిలబడి, పొగ వేసి, పోతాడు. అట్లాంటి మనిషి వచ్చి కూర్చుంటే బజారంతా చూస్తుంది కదా అనుకున్నాడు.

మరునాడు తాత చెప్పినట్టే వచ్చాడు. మూలమూలకూ పొగ వేసి స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చున్న కాసేపటికే ఒక ముసలామె వచ్చి కుక్కరు రబ్బరు, విజిలు కొనుక్కుని పోయింది. ఓబులేశు ఆ నోటు కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేశాడు. వెంటనే ఫోను తీసి గ్రూపులో వనభోజనం సంగతి రాయసాగాడు.

అప్పుడు జీపొకటి వచ్చి ఆగింది. దిగినాయన సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర మెస్సు పెడుతున్నాడట. పెద్ద కడాయిలు కావాలి, గరిటెలు కావాలి, పళ్ళాలు, కుక్కర్లు, అన్నీ కావాలి. ఓబులేశు ఫోను పక్కన పడేసి లేచి నిలబడ్డాడు. ఏడాదిలో అట్లాంటి బేరం ఆ గడప ఎక్కలేదు.

ఓబులేశు నోరు తెరిచేలోపే తాత చెయ్యెత్తాడు.

"నాయనా, ఈ అంగట్లో బోణీ అయింది. పక్కన రత్నమ్మకు ఇంకా కాలేదు. ముందు ఆడ చూడు."

అని ఊరుకోలేదు. లేచి, ఆయన చెయ్యి పట్టుకుని, మెట్లు దింపి, పక్క అంగడి గడప దాకా తీసుకుపోయాడు.

ఇది మా బజారులో పాత పద్ధతే. మనకు బోణీ అయి, పక్కవాళ్ళకు కాకపోతే, తర్వాత వచ్చిన గిరాకీని అటు పంపుతాం. అందరూ పాటిస్తారని చెప్పను. పెద్దవాళ్ళు పాటిస్తారు. ఓబులేశు అంగడి తెరిచిన కొత్తలో రత్నమ్మ కూడా ఒకరిద్దరిని అటు పంపింది. వాళ్ళంతట వాళ్ళే వచ్చారనుకున్నాడు ఆ మహానుభావుడు. అటునుంచి ఒక్కరూ రాకపోయేసరికి ఆమె మానేసింది. ఆ తర్వాత ఇంకెవరో అట్లా పంపుతుంటే చూసి, "వచ్చిన లక్ష్మిని పక్కింటికి తోలుతారా ఎవరైనా" అని ఇంట్లో నవ్వుకున్నాడట కూడా.

తాత తిరిగొచ్చేసరికి ఓబులేశు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"తాతా! నోటికాడి కూడు తీసి పక్క ఇస్తరాకులో పెట్టినావు కదా! నేనేం పాపం చేస్తిని నీకు?"

తాత నెమలీకల కట్ట అందుకున్నాడు. "పొద్దుపోతాండాది. ఇంకా సగం బజారు ఉండాది" అని ధూపం పట్టుకుని వెళ్ళిపోయాడు.

రత్నమ్మది ఇనుప కడాయిలు, పెనాలు, గరిటెలు, చీపుర్ల అంగడి. కుక్కర్లు కూడా నాలుగున్నాయి, ఎప్పటివో, దుమ్ము కొట్టుకుని. ఓబులేశు తన గద్దె మీద కూర్చుని అంతా విన్నాడు. కడాయిలు దించుతున్న చప్పుడు, బేరమాడుతున్న మాటలు, చివరికి ఆమె ఆ నాలుగు కుక్కర్లను గుడ్డతో దులుపుతున్న చప్పుడు. జీపు నిండి వెళ్ళిపోయింది.

రత్నమ్మ వచ్చి మెట్ల కింద నిలబడింది. నిన్నటిదాకా "కుక్కర్లాయప్పా" అనేది.

"ఓబులేసూ, నువ్వు పంపినావంట కదా?"

ఔనంటే సరిపోయేది.

"నేను పంపలేదక్కా. తాత పంపినాడు. నేనైతే పంపేవాణ్ణి కాదు."

రత్నమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "మూడు దినాలాయ నాకు బోణీ లేక. ఈ పొద్దు కాకుంటే ఇంక అంగడి తెరిచేదెందుకు అనుకుంటి" అంది. వెళ్ళి టీ పంపించింది.

పక్క అంగట్లో మూడు రోజులుగా బోణీ లేదన్న సంగతి అప్పటిదాకా ఓబులేశుకు తెలియదు. బజారందరి గుడ్ మార్నింగులు మాత్రం ఫోనులో ఉన్నాయి.

శుక్రవారం సంఘం హాలు నిండిపోయింది. అధ్యక్షుడు పెద్దనాగయ్య శెట్టి కుర్చీలో కూర్చుని పేర్లు పిలిచాడు. లోటాల అంగడి కొత్తాయనకు ఇద్దరు లేచారు. ఫ్లాస్కులాయనకు నలుగురు లేచారు. అందరం చప్పట్లు కొట్టాం.

"ఓబులేశు, కుక్కర్ల అంగడి."

ఎవరూ లేవలేదు. మేమందరం ఫ్యాను వైపు చూశాం. వెనక ఆడవాళ్ళ వరసలోంచి రత్నమ్మ లేచింది.

"మావాడే."

"ఇంకొకరు?"

శెట్టి మంచివాడే. ఆగాడు. గ్లాసెత్తి నీళ్ళు తాగాడు, కావాలనే నెమ్మదిగా తాగాడు. గ్లాసు దించి మళ్ళీ అందరి వైపూ చూశాడు. ఎవరూ కదల్లేదు.

"వచ్చే ఏడు చూద్దాంలే అబ్బీ" అని ఇంకో పేరు పిలిచాడు.

ఓబులేశు తలొంచుకుని బయటికొచ్చాడు. వెనకాలే రత్నమ్మ ఆయాసపడుతూ వచ్చి చొక్కా పట్టుకుంది.

"యాడికట్లా పరిగెత్తుతాండావు? నా స్టాలు ఉండనే ఉండాది. అంత జాగా నాకెందుకు, కబడ్డీ ఆడనా? సగంలో నీ కుక్కర్లు పెట్టుకో. సంఘానికి నేను చెప్పుకుంటాలే. ఒకటే మాట, పైన చీపుర్లు నావే వేలాడతాయి. నెత్తికి తగిలితే అనొద్దు."

ఓబులేశు నవ్వబోయాడు, ఏడుపొచ్చింది. నడిబజారు అని కూడా చూసుకోకుండా ఏడ్చాడు.

అక్కణ్ణించి నేరుగా దర్గాకు పోయాడు. తాత మరునాటికి బొగ్గులు చిన్నగా కొట్టుకుంటున్నాడు.

"తాతా, అంతమందిలో రత్నమ్మక్క ఒక్కతే లేచింది. ఒక్కతే!"

"నువ్వు ఎంతమందిని పంపినావు?"

ఓబులేశు తడబడ్డాడు. "ఒక్కణ్ణి. అది కూడా నువ్వే పంపితివి."

"అయితే లేచింది నా మనిషి" అన్నాడు తాత. "నీ మనుషులు ఇంకా లేవాల."

ఓబులేశు తాత చేతిలోంచి సుత్తి తీసుకుని మిగిలిన బొగ్గులు తనే కొట్టి, గిన్నె నింపిపెట్టి ఇంటికి పోయాడు.

శనివారం పొద్దున ఓబులేశుకు తొందరగానే బోణీ అయింది. ఆ వెనకే ఒకామె వచ్చి స్టీలు బిందె కావాలంది. అతని దగ్గరా రెండు బిందెలున్నాయి, ఎదురుగ్గా, మెరుస్తూ. ఓబులేశు వాటిని చూశాడు. ఆమెను చూశాడు. గద్దె దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా బజారు మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఎవరికింకా బోణీ కాలేదు?" అని గట్టిగా అడిగాడు.

అంగళ్ళలోంచి తలలు బయటికొచ్చాయి. అట్లా నిలబడి అడిగినవాణ్ణి మా బజారు ఎన్నడూ చూడలేదు.

ఎదురు వరసలో బిందెల అంగడి నాది. నేను చెయ్యెత్తాను.