శాలువా ఇవ్వలేని చేతులు

విరజాపురం కోటలో సామానుల అధికారిని నేనే. ఒకనాడు సభలో ఉన్ని తివాచీ మీద నా నోటి తాంబూలం ఒలికింది. మర్నాడు రాజుగారు సభకు వచ్చేలోగా ఆ మరక పోవాలని బట్టలుతికే నూకాలును పిలిపించాను.

"చవుడు మట్టి వేసి ఉడకబెట్టు, బండకేసి బాదు. మొండి మరకకు మొండి మందే," అన్నాను.

"అది నూలు బట్టకు అయ్యా. ఉన్ని చవుడుకు ఆగదు, అట్టకడుతుంది. దీనికి నిమ్మరసం, కుంకుడు నురుగు, మెత్తని గుడ్డ చాలు," అంది.

నౌకర్లంతా చూస్తున్నారు. నాకు ఒళ్లు మండింది. "నాకే చెబుతావా? చెప్పినట్టు చెయ్యి, లేదా కొరడా దెబ్బలు తిను!"

నూకాలు చేతులు జోడించింది. "అలాగే అయ్యా. కానీ ముందు అదే రకం బట్ట మీద వేసి చూడటం మా ఆచారం. మీ భుజం మీది శాలువా కూడా ఈ ఉన్నే కదా. ఒక్కసారి ఇప్పించండి."

నా రెండు చేతులూ వాటంతటవే శాలువాను గట్టిగా పట్టుకున్నాయి. ఎవరో కిసుక్కున నవ్వారు.

నూకాలు మాత్రం నవ్వలేదు. కుంకుడుకాయలు నానబెట్టుకుని కూర్చుంది. సాయంత్రానికి మరక మాయమైంది.

మర్నాడు రాజుగారు తివాచీ చూసి మురిసిపోయారు. "ఇంత నేర్పుగా ఎవరు శుభ్రం చేయించారు?" అని అడిగారు.

"అయ్యగారే దగ్గరుండి చేయించారు ప్రభూ," అంది తివాచీ పరిచి పక్కన నిలబడ్డ నూకాలు.

రాజుగారు మెచ్చి అందరి ముందూ నాకు కొత్త శాలువా కప్పారు. దాన్ని నేను మళ్లీ ఎన్నడూ కప్పుకోలేదు. మాస్తే నూకాలు చేతికే ఇవ్వాలి కదా, ఆ మొహం నాకెక్కడిది?