మొదటి కలం

పదకొండేళ్ళుగా దస్తగిరికి ఒకటే కోరిక. యాకూబ్ ఉస్తాద్‌లాగా తానూ నలుగురికి అక్షరం నేర్పాలి.

కర్నూలు దగ్గర ఒక దర్గా పక్కగదిలో ఆ సూఫీ ఉస్తాద్ ఉర్దూ రాత నేర్పేవారు. దస్తగిరి ఆయన కూర్చున్నట్టే కూర్చునేవాడు, ఆయన దగ్గినట్టే దగ్గేవాడు. గడ్డం ఒక్కటే ఇంకా నెరవలేదు, పాపం.

అక్కడో ఆనవాయితీ ఉంది. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రెల్లు కలం గురువే చెక్కి ఇవ్వాలి. తన చాకునీ దాని ఒరనీ ఇచ్చి ఆ పని ఎవరికి అప్పజెబితే వాళ్ళు ఇక శిష్యులు కారు, గురువులు.

"ఉస్తాద్, నాకు నేర్పే అనుమతి ఎప్పుడిస్తారు?" అని ఒక ఉదయం దస్తగిరి అడిగేశాడు.

అప్పుడే గుమ్మంలోకి మద్దిలేటి వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, సమాధిరాళ్ళు చెక్కుతాడు.

"ఉర్దూలో ఎవరో రాసిచ్చింది చెక్కడమే గానీ, అది ఎవరి పేరో నాకు తెల్దు సామీ," అన్నాడు. "తెలుసుకోని చెక్కాలని ఉండాది."

ఉస్తాద్ నడుముకున్న ఒరలోంచి చాకు తీసి దస్తగిరికి ఇచ్చారు. ఒర మాత్రం తన దగ్గరే ఉంచుకున్నారు.

దస్తగిరి వెంటనే రెల్లు పుల్ల అందుకున్నాడు. మధ్యాహ్నందాకా తల ఎత్తకుండా చెక్కాడు. సన్నగా, నాజూగ్గా, అచ్చం ఉస్తాద్ కలంలాంటి కలం.

మద్దిలేటి వేళ్ళలో అది నిలవలేదు. గట్టిగా పట్టుకుంటే విరిగింది. రెండోదీ అంతే. మూడోది కాగితాన్ని చీల్చేసింది.

దస్తగిరికి ఒళ్ళు మండింది. ఎదురుగా ఉస్తాద్ చూస్తున్నారాయె. "ఇది రాళ్ళు కొట్టే చెయ్యి. దీనికి కలం పట్టదు," అనేశాడు.

"నేనూ అట్లనే అనుకుంటి," అని మద్దిలేటి రెండు చేతులూ తువ్వాలులో దాచుకుని లేచాడు.

"కూర్చో నాయనా," అన్నారు ఉస్తాద్. పెట్టె తెరిచి ఒక పాత కలం తీసి దస్తగిరి చేతిలో పెట్టారు. బొటనవేలంత లావుగా, మొరటుగా ఉంది. పట్టుకునే చోట దారం చుట్టి, ఒక పక్క నొక్కు చేసి ఉంది.

"ఇదెవరిది ఉస్తాద్?"

"పట్టుకుని చూడు."

దస్తగిరి పట్టుకున్నాడు. చూపుడువేలు ఆ నొక్కులో సరిగ్గా ఒదిగింది.

ఆ వేలు మీద పాత గాటు ఉంది. సోడాబండి దగ్గర పనిచేసే రోజుల్లో సీసా పగిలి కోసుకుంది. వేలు వంకర తిరిగి ఉండగానే ఇక్కడికి వచ్చాడు. ఆ రోజు ఉస్తాద్ చాకు ముట్టుకోలేదు. కిటికీ దగ్గర కూర్చోబెట్టుకుని, చాలాసేపు దస్తగిరి చెయ్యి పట్టుకుని, ఒక్కో వేలూ వంచి చూశారు. అంతవరకూ ఆ చేతిని అలా పట్టుకున్నవాళ్ళు లేరు. తానూ ఎప్పటికైనా నేర్పాలన్న కోరిక ఆ కిటికీ దగ్గరే పుట్టింది. తన వేలికి తగ్గట్టు ఉస్తాద్ చెక్కిచ్చిన ఆ మొదటి కలాన్నీ, ఆ కిటికీనీ ఎలా మర్చిపోయాడో! సిగ్గుతో అతని కళ్ళు నిండాయి.

చాకు పక్కన పెట్టేశాడు. కిటికీ దగ్గర చాప పరిచాడు.

"అన్నా, తప్పయిపోయింది. ఒకసారి నీ చెయ్యి ఇటియ్యి."

మద్దిలేటి తువ్వాలులోంచి చెయ్యి మెల్లగా బయటికి తీశాడు.

ఉస్తాద్ నమాజుకి లేచారు. పోతూ పోతూ నడుముకున్న ఒర విప్పి, చాకు పక్కన పెట్టి వెళ్ళిపోయారు.