నిలువ నీడ శాసనం

మేడికొండ అనే రాజ్యం ఒకటుండేది. పెద్దదేం కాదు. దాన్నేలే ఉద్దండరాయలవారి బిరుదులు చదవడం పూర్తయ్యేలోపు నడిచి పొలిమేర దాటేయొచ్చు. రోజూ ఆయన పక్కన గొడుగు పట్టుకుని ఆ బిరుదులన్నీ వినాల్సిన ఖర్మ పేరన్నది.

ఒక ఏడాది ఏటికి వరదొచ్చి సాలెపేట కొట్టుకుపోయింది. అరవై కుటుంబాలు సత్రం అరుగుల మీద పడ్డాయి. రాజుగారికి జాలి పుట్టింది. దాంతోపాటు కవిత్వం కూడా పుట్టింది. కోట గుమ్మంలో రాతి మీద చెక్కించారు: "మా ఏలుబడిలో నిలువ నీడ లేనివాడు ఉండరాదు. ఒకరి నిలువ నీడ తీసినవాడు, ఎంతటివాడైనా, తన ఇల్లు వారికి వదలి పోవలెను."

అంతవరకు బాగానే ఉంది. కొత్త పేట కోసం ఊరికి తూర్పున చింతతోపు చూశారు. తాతలనాటి చెట్లు నలభై ఉన్నాయక్కడ.

"అన్నీ కొట్టెయ్యండి. మా మేడ మీంచి చూస్తే ఇళ్ళ వరస తాడు పట్టినట్టుండాలి" అని రాజుగారు సెలవిచ్చారు.

సాలె పెద్ద కూనయ్య ఆ సాయంత్రమే పేరన్నను పట్టుకున్నాడు. "అన్నా, ఇళ్ళు వద్దనడం లేదు. వానలు ముంచుకొస్తున్నాయి, పిల్లాజెల్లా అరుగుల మీదున్నారు. కానీ మా ముత్తాతల నుంచి పడుగు నూలుకు గంజి పెట్టి ఆ తోపు నీడలోనే చాపుకుంటున్నాం. ఎండలో గంజి ఇట్టే ఎండిపోయి పోగులు పుటుక్కున తెగుతాయి. నేత లేని ఇంట్లో కూర్చుని ఏం తినాలి?"

పేరన్న మనసు చివుక్కుమంది. "రేపు వరదలో మిగిలిన మగ్గాలు మోసుకుని కోట గుమ్మం దగ్గరికి వచ్చెయ్యండి" అన్నాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం చెట్లు కొట్టడానికి ముహూర్తం. ఎండ నిప్పులు చెరుగుతోంది. రాజుగారు తోపు ముందు నిలబడగానే పేరన్న గొడుగు టపీమని ముడిచేశాడు.

"ఏమిట్రా అది?"

"ఊచ విరిగింది ప్రభూ."

రాజుగారు ఒక్క ఉరుకున చింతచెట్టు కిందికి చేరారు. "అమ్మయ్య! ప్రాణం లేచొచ్చింది. ఇక్కడే నిలబడతాను."

"అలా నిలబడనిచ్చేదాన్ని ఏమంటారు ప్రభూ? నిలువ..."

"నీడ" అనేశారు రాజుగారు. అన్నాక నాలుక కరుచుకున్నారు.

"శాసనం తమదే. నీడ సాలెవాళ్ళది. తీయిస్తున్నది తమరు. ఇక కోట ఖాళీ చేయాలి ప్రభూ. తమకు శ్రమ లేకుండా మగ్గాలు అప్పుడే గుమ్మం దాటాయి. రాణిగారి నాట్యశాల పడుగుకు సరిపోతుందా అని కూనయ్య అడుగులేసి చూసుకుంటున్నాడు."

"చెట్లుంచితే ఇళ్ళెక్కడ కడతావురా, నా నెత్తిమీదా?"

"చెట్ల మధ్య బోలెడంత చోటుంది. వీధి కాస్త వంకర తిరుగుతుంది, అంతే. తాడు పట్టినట్టుండాల్సింది నూలు ప్రభూ, వీధి కాదు."

రాజుగారు గొడ్డళ్ళ వంక చూశారు, కోట వంక చూశారు. "దించండిరా గొడ్డళ్ళు" అన్నారు.

వానలకు ముందే అరవై ఇళ్ళు లేచాయి. ఒక్క చెట్టూ పోలేదు. కూనయ్య గృహప్రవేశానికి రాజుగారు వేంచేశారు. వాకిట్లో చింతకొమ్మ బాగా కిందికి ఉంది. ఆయన కిరీటంతో సహా నడుం దాకా వంగితేగాని గుమ్మం చేరలేకపోయారు. జనం నోళ్ళకు కండువాలు అడ్డం పెట్టుకున్నారు.

"మా అంతటివాళ్ళ చేత తల వంచించావు కదరా పేరన్నా!"

"నాదేం లేదు ప్రభూ. తమకంటే పెద్దవాళ్ళు ఎదురయ్యారు, తమరే వంగారు."

రాజుగారు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే తన చేతి కంకణం ఊడదీసి పేరన్నకు తొడిగారు.