మూడు రోజుల్లో వాన

మూడో రోజు పొద్దెక్కింది. ఆకాశంలో మబ్బు తునక లేదు.

ఎల్నాతాను కొండదారిలో పరుగులాంటి నడకతో ఎక్కుతున్నాడు. వెనక్కి తిరిగితే ఊరు కనిపిస్తుంది, ఊరి గవిని తలుపులు కనిపిస్తాయి. అందుకే తిరగడం లేదు. పొద్దున జక్కూరు అనే పెద్దాయన గవిని పక్కన ఒక రాయి తెచ్చి పెట్టాడు. ఎవరితోనూ ఏమీ అనలేదు. కాసేపటికి ఇంకొకాయన ఇంకో రాయి తెచ్చి దాని పక్కన పెట్టాడు. మూడు రోజుల్లో వానొస్తుందని దేవుడి పేరున ఊరికి చెప్పింది ఎల్నాతానే. దేవుడు చెప్పని మాటను దేవుడి పేరున చెప్పిన ప్రవక్తను బతకనివ్వకూడదని ఆ హెబ్రీయుల ధర్మశాస్త్రం. సాయంత్రంలోగా వాన కురిస్తే అవి ఉత్త రాళ్లు. కురవకపోతే ఎల్నాతాను మీద విసరడానికి తెచ్చినవి.

కొండ మీద గురువు పెదాయా తన ఇంటి మట్టి మిద్దె ఎక్కి ఉన్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి నడుం వంచి గుండ్రాయిని అటూ ఇటూ దొర్లిస్తున్నాడు. వానకు ముందు అలా దొర్లించి మట్టిని గట్టిపరచకపోతే ఆ ఇళ్లు కారతాయి.

అది చూసి ఎల్నాతానుకు ప్రాణం లేచొచ్చింది.

“అయ్యగారూ, అయితే ఇవాళ వానొస్తుందన్నమాట. మీకు తెలిసింది.”

“నాకేం తెలీదు. వానల నెల కదా, మిద్దె చూసుకుంటున్నాను.”

ఎల్నాతాను నిచ్చెన మొదట్లో కూలబడ్డాడు.

“ఈ ఒక్కసారికి నా కోసం ప్రార్థన చెయ్యండి. మీ నోట వచ్చిన మాట ఒక్కటీ వట్టిదై నేల రాలలేదంటారు. దేవుడి దయ మీ మీద అంత ఉంది. అందులో కాస్త నాకూ అడగండి.”

పెదాయా రాయి ఆపాడు. “నీకు వినిపించింది ఏమిటి?”

“‘వాన పంపుతాను’ అని.”

“తర్వాత?”

“అంతేనండీ.”

“మరి మూడు రోజులు?”



“హొగ్లా అడిగింది. మొగుడు పోయిన మనిషి. గంపెడు యవలు ఒళ్లో పెట్టుకుని, ‘ఇవి నా పిల్లల తిండి, చల్లమంటే చల్లేస్తాను, వాన ఎన్నాళ్లకొస్తుందో చెప్పు బాబూ’ అంది. ఊరంతా నా నోటి వంకే చూస్తోంది. తెలీదని అనలేకపోయాను, సిగ్గేసింది. మూడు రోజులన్నాను.”

“చల్లిందా?”

“ఆ సాయంత్రమే. ఎండు నేలలో. చీమలు మోసుకుపోతున్నాయి. పిట్టలు వాలుతున్నాయి.”

గురువు మిద్దె సగంలో వదిలేసి దిగాడు. లోపలికి వెళ్లాడు. గింజలు సంచిలోకి జారుతున్న చప్పుడు బయటికి వినిపించింది. సంచి భుజాన వేసుకుని వచ్చి చెప్పులు తొడుక్కున్నాడు.

“పద.”

“ఎక్కడికండీ?”

“హొగ్లా దగ్గరికి. యవలు నేను మోస్తాను. మాట నువ్వు చెప్పు.”

ఎల్నాతానుకు ఊళ్లోకి వెళ్లాలంటే భయం వేసింది. వద్దంటే గురువు ఏమంటాడోనన్న భయం అంతకన్నా ఎక్కువై వెంట నడిచాడు. అడుగడుక్కీ ఆ రెండు రాళ్లే కళ్లలో మెదిలాయి. ఇప్పటికి ఇరవై అయి ఉంటాయి.

సగం దారిలో గాలి మారింది. పడమట, సముద్రం వైపు, కొండల అంచున నల్లటి గీత కనిపించింది. చూస్తుండగానే అది లావెక్కింది. ఎక్కడిదో తడిమట్టి వాసన వచ్చింది.

ఎల్నాతాను దారి మధ్యలో మోకరించాడు. ఏడ్చాడు, ఏడుస్తూనే నవ్వాడు.

“నన్ను విడిచిపెట్టలేదండీ. మూడో రోజునే పంపాడు. నా మాట నిలబెట్టాడు. ఇంక ఊళ్లోకెళ్లి ఆ సంగతి ఎత్తడం దేనికి? వెనక్కి పోదాం పదండి.”

పెదాయా మబ్బు వంక చూశాడు. సంచి దించి శిష్యుడి భుజం మీద పెట్టాడు.

“నా మిద్దె సగమే అయింది,” అని చెప్పి కొండెక్కడం మొదలుపెట్టాడు.

దారిలో ఎల్నాతాను ఒక్కడే మిగిలాడు. సంచి చాలా బరువుగా ఉంది. పైకి వెళితే గురువు ఏమీ అనడు, తలుపు తీస్తాడు, కూర్చోమంటాడు. ఆ మౌనాన్ని తలుచుకుని కిందికే దిగాడు.

గవిని చేరేసరికి వాన దంచికొడుతోంది. హొగ్లా బురదలోనే వచ్చి అతని కాళ్ల మీద పడింది. జక్కూరు తలపాగా తీసి పట్టుకుని, “దేవుడి మనిషివి. తప్పుగా అనుకున్నాను,” అన్నాడు. పిల్లలు రాళ్ల కుప్ప ఎక్కి గెంతుతున్నారు.

“బాబూ, మా మరిది దగ్గర ఇంకో గంప గింజలున్నాయి,” అంది హొగ్లా. “పై చేలో చల్లేయమంటావా? మళ్లీ వాన ఏ రోజు? నువ్వు చెప్పు చాలు.”

జనం మూడు రోజుల కిందట చూసినట్టే అతని నోటి వంక చూశారు.

“తెలీదమ్మా,” అన్నాడు ఎల్నాతాను. “వాన పంపుతానన్నది దేవుడు. మూడు రోజులన్నది నేను. నాకెవరూ చెప్పలేదు. నోటికొచ్చింది అనేశాను.”

జక్కూరు రాళ్ల వంక చూశాడు, ఆకాశం వంక చూశాడు, తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు.

“వానొచ్చింది కాబట్టి ఇంటికి పో. ఇంక ఇక్కడ నిలబడి మాకేమీ చెప్పకు.”

హొగ్లా లేచి నిలబడింది. “నా పిల్లల తిండి చల్లాను,” అంది. గొంతు పెంచలేదు. ఎల్నాతాను సంచి ఆమె ముందు పెట్టాడు. ఆమె దాన్ని ఎత్తుకుని, అతని ముఖం చూడకుండా వెళ్లిపోయింది. రాయి తగిలినా అంత నొప్పి పుట్టేది కాదు.

అతను కొండెక్కేసరికి ఒళ్లంతా తడిసి ముద్దయింది. గురువు ఇంట్లో ఒక పక్క పొడిగా ఉంది, ఇంకో పక్క కారుతోంది. కారిన చోటల్లా గిన్నెలు పెట్టి ఉన్నాయి. ఎల్నాతాను చూస్తుండగానే మరోచోట మొదలైంది. ఏదైనా అడ్డుపెడదామని మూలనున్న యవల కుండ అందుకున్నాడు. లోపల ఒక్క గింజ లేదు. చాలాసేపు దాన్ని పట్టుకునే నిలబడి, తర్వాత చుక్కల కింద పెట్టాడు.

పెదాయా పొడి గుడ్డ అందించాడు.

“నన్నింక ఆ ఊళ్లో ఎవరూ నమ్మరండీ,” అన్నాడు ఎల్నాతాను. “నా మీద ఉన్న కాస్త దయా పోయినట్టే. మీకు ఈ బాధ తెలీదు. మీ మాట ఒక్కటీ నేల రాలలేదు.”

“చాలా రాలాయి,” అన్నాడు పెదాయా. “ప్రతిసారీ నన్ను వెళ్లి వాటిని ఏరుకోనిచ్చాడు దేవుడు.”