కట్టు కట్టిన చెయ్యి

"ఇక ఆ ఇమాము వెనక నేను నమాజు చెయ్యను" అన్నాడు హుజైల్, గుమ్మంలో చెప్పులు విడుస్తూనే.

బస్రా మసీదులో ధర్మశాస్త్రం చెప్పే ఇమాము ఉబైద్ ఆ ఉదయం పాఠంలో సూఫీల మాట ఎత్తాడట. "ఉన్ని బట్టల వాళ్లకు కన్నీళ్లు కార్చడం వచ్చు గానీ, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడం రాదు" అన్నాడట. అందరూ నవ్వారట.

"ఏ వేలు ఎన్నిసార్లు కడగాలో, అదొక్కటే ఆయనకు తెలుసు గురువుగారూ! దేవుడి మీద ప్రేమంటే ఏం తెలుసు?"

సూఫీ గురువు షేక్ ముహారిబ్ ఖర్జూరపు ఆకులతో బుట్ట అల్లుతున్నాడు. ముందురోజు కత్తి తగిలి ఆయన ఎడమచేతికి గుడ్డ కట్టు ఉంది. బుట్ట పక్కన పెట్టి లేచాడు.

"పద నాయనా."

వాళ్లను చూసి మసీదులో పాఠం ఆగిపోయింది. గురువు ఇవాళ ఆ ఇమాముకు బుద్ధి చెబుతాడని హుజైల్ లోలోపల సంబరపడ్డాడు. ముహారిబ్ వెళ్లి విద్యార్థులందరికంటే వెనక కూర్చున్నాడు.

"అయ్యా, చెయ్యి తెగింది. కట్టు విప్పితే నెత్తురు ఆగడం లేదు. ఎలా కడుక్కోవాలో తెలియక నిన్నటి నుంచి సందేహంతోనే నమాజు చేస్తున్నాను. కాస్త నేర్పండి."

ఎవరో కిసుక్కుమన్నారు. హుజైల్‌కు తల కొట్టేసినట్టయింది.

ఇమాము నవ్వలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన ఎదుట మోకాళ్ల మీద కూర్చున్నాడు. గాయం లేని వేళ్లను తనే కడిగాడు. తడిచేత్తో కట్టు మీద మెల్లగా తుడిచాడు.

"ఇంతే. గాయాన్ని ఇంకా బాధపెట్టమని దేవుడు అడగలేదు."

ముహారిబ్ కళ్లు చెమర్చాయి. "నిన్నటి బరువు దించారు. మీ మేలు మరిచిపోను" అంటూ ఆ తడిచేతిని కళ్లకద్దుకున్నాడు.

ఇమాము చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తల వంచి, గొంతు తగ్గించి అడిగాడు.

"నాదీ ఒక సందేహం షేక్. ముప్పై ఏళ్లుగా నమాజు చేయిస్తున్నాను. నిలబడగానే మనసు ఎటో పోతుంది. దానికేం చెయ్యాలి?"

"నాదీ పోతుందయ్యా. ఇవాళ మీ వెనక నిలబడతాను. ఇద్దరం కలిసి ఆ దేవుణ్ణే అడుగుదాం."

మధ్యాహ్నపు నమాజుకు అజాన్ పిలుపు మొదలైంది. అందరూ వరుసల్లోకి లేస్తున్నారు. హుజైల్ మాత్రం ఇమాము ముందుకు వచ్చి, కూర్చుని, రెండు చేతులూ చాచాడు.

"అయ్యా, నాకూ నేర్పండి" అన్నాడు.