దెబోరమ్మగారు ఊడ్చిన వాకిలి

ఆదివారం బాప్తిస్మం. నూకరత్నానికి మాత్రం దానికి ముందు చెప్పే పాఠం ఇంకా మింగుడు పడలేదు.

దేవుడు ఒక్కడే అన్నారు, సరే. ఏసుప్రభువు మన పాపాల కోసం చనిపోయి మూడో రోజున లేచాడన్నారు, నమ్మింది. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది. ఆ క్షమాపణ ఊరికే ఇస్తాడన్న దగ్గరే బండి ఆగిపోయింది. ఊరికే ఎవరిస్తారు? వల వెయ్యందే సముద్రం కూడా చేపనివ్వదు. బుద్ధెరిగినప్పటి నుంచీ మొక్కుకోవడం, మొక్కు తీర్చుకోవడం తప్ప ఆమెకి మరో దారి తెలీదు.

పైగా ఆమె పాపం చిన్నది కాదు. మంచాన పడ్డ అత్త గంజి అడిగితే, పాత పగ మనసులో పెట్టుకుని వినపడనట్టు ఊరుకుంది. తెల్లారేసరికి అత్త పోయింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అందుకని రోజూ పొద్దున్నే వెళ్ళి చర్చి ఊడుస్తోంది. చాపలు దులుపుతోంది. ఎంత ఊడిస్తే సరిపోతుందో ఎవరూ చెప్పరే!

ఆగలేక, పాఠాలు చెప్పే దెబోరమ్మగారినే అడిగేసింది. ఆవిడ మోకాళ్ళ నొప్పులతోనే పేటపేటా తిరిగే ముసలావిడ.

"ఇంకెన్నాళ్ళు ఊడిస్తే నా పాపం పోద్దండి?"

"రేపు మీ ఇంటికి భోజనానికొస్తాను. ఏం వండుతావే?" అన్నారు దెబోరమ్మగారు.

నూకరత్నం సంబరానికి పట్టపగ్గాల్లేవు. చింతచిగురేసి మెత్తళ్ళ చేపలు వండింది. తానడిగిందేమిటి, ఆవిడ చెప్పిందేమిటి అని మధ్యమధ్యలో అనుకుంటూనే ఉంది.

మర్నాడు పీట వేసి, అన్నం వడ్డించి పిలిస్తే, దెబోరమ్మగారు కూర్చోలేదు. మూలనున్న చీపురు తీసుకుని వాకిట్లోకి నడిచారు. నడుం వంగక మూలుగుతూ ఊడవడం మొదలెట్టారు.

"అయ్యో, అదేటండమ్మగారూ! ఇలాగివ్వండి!"

"ఉండవే. ఊరికే ఎలా తింటాను? ఊడిస్తేగాని తినను."

పక్కింటివాళ్ళు తొంగిచూశారు. నూకరత్నం గబగబా వాకిట్లోకి దిగింది. పెద్దావిడ చేత చీపురు పట్టించిందని పేటంతా చెప్పుకోరూ? ఈవిడకి మతిగానీ పోలేదు కదా?

"ఆ బిందె కూడా ఇటివ్వు, నీళ్ళు తెస్తాను."

దాంతో నూకరత్నానికి ఒళ్ళు మండింది. చీపురు లాక్కుంది. "నేనేవన్నా కూలికి కూడెడతన్నానేటండి? మీరంటే పేనవని వండుకున్నాను! పని సేసే తింటానంటే నేను పెట్టనే పెట్టను!"

అనేసి నాలిక్కరుచుకుంది.

దెబోరమ్మగారు నవ్వలేదు. "నీకే ఇంత కోపమొస్తే, ఊరికే ఇస్తానన్న ఆయనకి..." అని ఆగిపోయి, కాళ్ళూ చేతులూ కడుక్కొచ్చి పీట మీద కూర్చున్నారు.

నూకరత్నం చీపురు పట్టుకుని అలాగే నిలబడింది. ఏదో తెలిసినట్టే ఉంది, తెలియనట్టూ ఉంది. భయం మాత్రం పోలేదు.

"నేను మా అత్తకి గంజి పెట్టనిదాన్నండి," అంది. "అడిగిందండి. పెట్టలేదు."

దెబోరమ్మగారు అన్నం కలిపారు. మొదటి ముద్ద తాను తినకుండా ఆమె వైపు చాపారు.

నూకరత్నం చీపురు కింద పెట్టింది. చెయ్యి సగం చాపి ఆగిపోయింది.

"సేతికి దుమ్మండి."

"కనపడుతూనే ఉంది. పట్టు."